"ఎందుకు ఆలస్యం చేశారు?" అని అడగకు

తల్లీ,

వచ్చే వారం మెటర్నల్ డెత్ రివ్యూలో, అంటే తల్లి ఎందుకు చనిపోయిందో చర్చించే మీటింగులో, మొదటిసారి కేసు నువ్వే చెప్తున్నావట. కాన్పు తర్వాత రక్తస్రావంతో ప్రాణం పోయిన కేసు. మన కాన్పుల డాక్టర్లు, మత్తు డాక్టర్లు, బ్లడ్ బ్యాంకు వాళ్ళు, నర్సులు అందరూ ఉంటారు కాబట్టి వాదన జరుగుతుంది. జరగాలి కూడా. ఆ తల్లికి ఇప్పుడు మనం చేయగలిగింది అదొక్కటే.

ముందు వేళలన్నీ వరసగా రాసుకో. బిడ్డ ఎన్నింటికి పుట్టింది, మాయ ఎన్నింటికి పడింది, గర్భసంచి బిగుసుకోవడానికిచ్చే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఎప్పుడిచ్చారు, నాడి, బీపీ ఎప్పుడెప్పుడు చూశారు, రక్తం ఎప్పుడడిగారు, ఎప్పుడు చేతికొచ్చింది. కేసు షీటు, నర్సుల నోట్సు, బ్లడ్ బ్యాంకు రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూడు. ఒక్కో గదిలో గడియారం ఒక్కో టైము చూపిస్తుంది. ఆ తేడా నువ్వు ముందే పట్టుకోకపోతే సగం మీటింగు ఎవరు అబద్ధమాడుతున్నారన్న దానికే సరిపోతుంది. పేషెంటు పేరు, డ్యూటీ వాళ్ళ పేర్లు తీసెయ్. తన పేరు తెర మీద కనిపించిన మనిషి జరిగింది చెప్పడు, తనని కాపాడుకునే పనిలో పడతాడు.

అసలు గొడవ రక్తం ఎంత పోయిందన్న దగ్గరే మొదలవుతుంది. షీటులో 400 మి.లీ. అని ఉంటే "తప్పు రాశారు" అనకు, "ఎలా కొలిచారు?" అని అడుగు. కంటి అంచనా అయితే, ఎక్కువ పోయినకొద్దీ తక్కువగానే తోస్తుంది. ఎవరి కన్నైనా అంతే. ప్యాడ్లు తూచారా? పొడి ప్యాడ్ బరువు తీసేశారా? కింద రక్తం పట్టే డ్రేప్ వేస్తే బిడ్డ పుట్టాక వేశారా, ముందే వేశారా? ముందే వేస్తే ఉమ్మనీరు కలిసి లెక్క పెరుగుతుంది. నీ వాదననూ ఇలాగే పరీక్షించు. "హిమోగ్లోబిన్ 10 ఉంది కదా" అని ఎవరైనా అంటే, రక్తం పోతున్న మొదటి గంటలో ఆ అంకె పెద్దగా పడదని నెమ్మదిగా చెప్పి, నాడి 120, పై బీపీ 100 అన్న వరస చూపించు. నాడిని పై బీపీతో భాగిస్తే 1.2. 0.9 దాటినప్పుడే కంగారు పడాల్సిన లెక్క అది.

"ట్రానెగ్జామిక్ యాసిడ్ (రక్తస్రావం తగ్గించే మందు) ఎందుకు ఆలస్యం చేశారు?" అంటే సంజాయిషీ వస్తుంది. "1 గ్రాము కాన్పయిన 3 గంటల్లోపు పడాలి, 15 నిమిషాలు ఆలస్యమైనప్పుడల్లా ప్రయోజనం సుమారు 10 శాతం తగ్గుతుంది. ఆ రాత్రి ఆంపుల్ ఎక్కడుంది?" అని అడిగితే తాళం వేసిన బీరువా సంగతి బయటికొస్తుంది.

మన శాస్త్రాల్లో పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ళ వాదన, చెప్పాకే సిద్ధాంతం. మత్తు డాక్టరు గారి మాట ఆయన తలూపేంత సరిగ్గా ముందు నువ్వే చెప్పు: రక్తం పోయి షాక్‌లో ఉన్న మనిషికి స్పైనల్ (నడుములో ఇచ్చే మత్తు) ఇస్తే బీపీ ఇంకా పడిపోతుంది, అందుకే మత్తు ఇవ్వకుండా రక్తం కోసం ఆగారు. నీ ప్రశ్న ఆ తర్వాత.

కాన్పుల డాక్టరు సెమ్మెల్‌వైస్ గుర్తున్నాడుగా. 1847లో వియన్నాలో శవపరీక్షల నుంచి వచ్చే డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో 18 శాతం పైనున్న బాలింత మరణాలు జూన్‌కి 2 శాతం దగ్గరికొచ్చాయి. ఇంత బలమైన లెక్క చేతిలో ఉండి కూడా పుస్తకం 1861 దాకా రాలేదు. ఆ తర్వాత ఒప్పుకోని ప్రొఫెసర్లను బహిరంగ లేఖల్లో హంతకులన్నాడు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, అటువైపు చనిపోతున్నది తల్లులు. కానీ హంతకుడని పిలిపించుకున్నవాడు ఆ మరణాల లెక్కల పట్టిక తెరిచి చూడడు. కడగని చేతుల కింద ఇంకెందరు పోయారో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇంకోటి. హెచ్ఓడీ (విభాగాధిపతి) గారు ముందు మాట్లాడితే స్టాఫ్ నర్సు ఇక నోరు తెరవదు. మంచం పక్కన చివరిదాకా నిలబడింది ఆవిడే. మొదట ఆవిడను మాట్లాడనివ్వమని మీటింగుకి ముందే సార్‌ని అడుగు. నీ లెక్క తప్పని తేలితే అక్కడే ఒప్పుకుని మినిట్స్‌లో రాయించు.

లేచే ముందు ఆంపుళ్ళు బీరువాలోంచి లేబర్ రూమ్ ట్రేలోకి ఏ తేదీకి మారతాయో, రోజూ ఎవరు చూస్తారో రాయించుకుని రా.

అమ్మ