బిల్లు ఆపేది వాళ్లు, వడ్డీ కట్టేది కాంట్రాక్టరు

సంపాదకులకు నమస్కారం.

చిన్న సివిల్ కాంట్రాక్టర్ల దగ్గర లెక్కలు రాయడం నా పని. టెండరు పుస్తకం చేతికి రాగానే నేను మొదట వెతికేది వడ్డీ క్లాజు. ఇఎండీ (టెండరుతో పాటు కట్టే ధరావతు) మీద గానీ, సెక్యూరిటీ డిపాజిట్ మీద గానీ, కాంట్రాక్టరుకు రావలసిన ఏ డబ్బు మీద గానీ వడ్డీ చెల్లించబడదు అని చాలా ప్రభుత్వ, ప్రభుత్వరంగ కాంట్రాక్టుల్లో ఉంటుంది. అలాంటి పుస్తకంలోనే నాలుగు పేజీలు తిప్పితే, మొబిలైజేషన్ అడ్వాన్సు (పని మొదలుపెట్టడానికి ముందుగా ఇచ్చే డబ్బు) తీసుకున్నవాడు ఎంత వడ్డీ కట్టాలో కూడా రాసి ఉంటుంది. వాళ్ల డబ్బు మన దగ్గరుంటే వడ్డీ, మన డబ్బు వాళ్ల దగ్గరుంటే సున్నా!

ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు) వెళ్తే న్యాయం జరుగుతుందిలే అనుకుంటారు గానీ, ఈ క్లాజు ఉంటే అసలు వచ్చినా వడ్డీ రాదు. 1996 మధ్యవర్తిత్వ చట్టం సెక్షన్ 31(7) ఆర్బిట్రేటర్‌కు మంచి అధికారమే ఇచ్చింది. డబ్బు రావలసిన రోజు నుంచి అవార్డు (ఆర్బిట్రేటర్ తీర్పు) రోజు దాకా, తనకు సబబు అనిపించిన రేటుకు వడ్డీ వేయొచ్చు. కానీ ఆ వాక్యం మొదలయ్యేదే ‘ఉభయులూ వేరుగా ఒప్పుకుని ఉంటే తప్ప’ అని.

ఢిల్లీ బవానా విద్యుత్ కేంద్రం ప్రహరీ గోడ పనిలో కాంట్రాక్టరు గార్గ్ బిల్డర్స్‌కు, ప్రభుత్వరంగ సంస్థ భెల్‌కు గొడవ వస్తే ఆర్బిట్రేటర్ 10 శాతం వడ్డీ వేశారు. ఢిల్లీ హైకోర్టు ఆ వడ్డీ కొట్టేసింది, 2021లో సుప్రీంకోర్టు కూడా హైకోర్టు మాటే ఖాయం చేసింది. కాంట్రాక్టు చట్టం ప్రకారం ఈ క్లాజే చెల్లదన్న వాదన నిలబడలేదు. కోర్టును తప్పుపట్టను, చట్టంలో ఉన్నదే చెప్పింది. కానీ న్యాయంగా రావలసిన డబ్బు వాడుకునే వీలు లేకుండా పోయినవాడికి పరిహారం దక్కాలని, దాన్ని వడ్డీ అన్నా ఇంకేమన్నా ఒకటేనని 1991లో జి.సి. రాయ్ కేసులో ఇదే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది పాత 1940 చట్టం కింద, అదీ కాంట్రాక్టులో వడ్డీ వద్దని రాసి లేని చోట. ఆ న్యాయం క్లాజు ఉన్నవాడికి మాత్రం ఎందుకు వర్తించకూడదు?

40 లక్షల ఫైనల్ బిల్లు ఐదేళ్లు ఆగిందనుకోండి. ఎం-బుక్కులో (పని కొలతల పుస్తకంలో) కొలతలు ఎక్కాయి, ఇంజినీరు సంతకం ఉంది, డబ్బు లేదు. సిమెంటు కొట్టువాడు ఆగడు, కూలీలకు వారం వారం ఇవ్వాల్సిందే, అందుకని బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. నెలకు 80 వేలు, ఐదేళ్లకు వడ్డీయే 48 లక్షలు. చివరికి అవార్డు గెలిచి 40 లక్షలు చేతికొచ్చినా ఆ వడ్డీకే చాలవు.

‘సంతకం పెట్టేటప్పుడు చూసుకోవద్దా’ అంటారు. టెండరులో ఒక్క లైను కొట్టేసి చూడండి, షరతులతో వేశావని పక్కన పడేస్తారు. దీన్ని ఉభయులూ ఒప్పుకోవడం అని ఎలా అంటాం?

అవార్డు తర్వాత కాలానికి చట్టమే వడ్డీ ఇప్పిస్తుంది. అవార్డులో వేరే రేటు చెప్పకపోతే 2015 సవరణకు ముందు 18 శాతం, ఇప్పుడైతే అవార్డు రోజున అమల్లో ఉన్న వడ్డీ రేటు కంటే 2 శాతం ఎక్కువ. అది కొంత నయమే గానీ, ఏళ్లు గడిచిపోయేది అవార్డు రాకముందే కదా.

దారి లేక కాదు. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టంలో, సరుకిచ్చిన చిన్న సంస్థకు 45 రోజులు దాటినా డబ్బు ఇవ్వకపోతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ, కాంట్రాక్టులో ఏం రాసుకున్నా సరే. సివిల్ పనులకు అది వర్తించదని కొన్ని హైకోర్టులు అనడంతో మావాళ్లకు ఆ ఆసరా కూడా గట్టిగా లేదు. అధికారులే కొలిచి ఒప్పుకున్న బిల్లు ఆపితే, దాని మీద వడ్డీని ఏ క్లాజూ అడ్డుకోకూడదని 31(7)లో చేర్చమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. అది ఎప్పటికవుతుందో గానీ, మన రెండు రాష్ట్రాల టెండరు పుస్తకాల్లో ఇలాంటి క్లాజు ఎక్కడున్నా తీసేయడానికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు, ఒక జీవో చాలు.

– ఒక కాంట్రాక్టరు గుమస్తా, ఏలూరు