డీజీపీ గారూ, స్పీడ్ గన్ బండి ఎక్కడ ఆపాలో ఉత్తర్వు ఇవ్వండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర డీజీపీ గారికి నమస్కారాలు.

సార్, నేను హైదరాబాద్–విజయవాడ హైవే మీద ట్యాక్సీ నడుపుకునేవాణ్ణి. బండ్ల వేగం కొలిచే స్పీడ్ గన్‌లు తీసేయమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం మరణాలు అతివేగం ఖాతాలోనే ఉన్నాయని కేంద్ర రవాణా శాఖ లెక్క. చౌటుప్పల్, నకిరేకల్ దగ్గర రోడ్డు దాటే ముసలివాళ్లను, బడిపిల్లలను రోజూ చూస్తుంటాను. వేగానికి కళ్లెం పడాల్సిందే. నా బాధంతా ఆ గన్ పెట్టుకున్న బండి ఎక్కడ ఆగుతోందన్నదే.

ఈ మధ్య ఒక ఫ్లైఓవర్ దిగుతున్నాను. ముందు ట్రావెల్స్ బస్సు ఉంది. దిగీదిగగానే ఎడమ అంచున పోలీసు బొలెరో. కుడి చక్రాలు తెల్లగీత మీదే ఉన్నాయి. దాని ముందు ఒక కానిస్టేబుల్ మాకు వీపు పెట్టి కూర్చుని, దాటిపోయే బండ్ల వెనక నంబర్ ప్లేట్ల మీద గన్ గురిపెడుతున్నాడు. బండి వెనక ఒక్క కోన్ లేదు, పైన లైటు వెలగడం లేదు. అదే సమయానికి బైక్ మీద గడ్డిమోపు కట్టుకుని అంచున పోతున్న రైతు, బొలెరో అడ్డం రావడంతో లేన్‌లోకి వచ్చేశాడు. బస్సు సడన్ బ్రేక్ కొట్టి కుడికి తిప్పింది. టైర్లు కాలిన వాసన నా కారులోకి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ బస్సు కుడికి కాక ఎడమకు తిరిగి ఉంటే, తన మీదికి ఏం వస్తోందో చూసుకునే అవకాశం కూడా ఆ కానిస్టేబుల్‌కు ఉండేది కాదు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ఆ వేగంలో అడ్డంకిని చూసి పూర్తిగా ఆగాలంటే డ్రైవర్‌కు 180 మీటర్ల ముందు నుంచే కనబడాలని, రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ ప్రమాణం. ఫ్లైఓవర్ దిగే చోట, మలుపు తిరిగే చోట అంత చూపు ఎక్కడుంటుంది సార్? పాత నాలుగు లేన్ల రోడ్లకు షోల్డర్, అంటే లేన్ పక్కన తారు వేసిన అంచు, మామూలుగా ఒకటిన్నర మీటరే. బొలెరో వెడల్పు అంతకన్నా పావు మీటరు ఎక్కువ. ఎంత అంచుకు ఆపినా, చక్రాలు మట్టిలోకి దింపితే తప్ప లేన్‌లోకి రావడం ఖాయం. పైగా మన షోల్డర్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. బైకులు, ఆటోలు, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు, కోతల కాలంలో ఆరబోసిన వడ్లు అన్నీ అక్కడే. అక్కడ బండి ఆపితే వీళ్లందరినీ వేగంగా వచ్చే వాహనాల కిందికి నెట్టినట్టే.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. ఇతరులకు ప్రమాదం కలిగేలా, అడ్డంగా ఉండేలా వాహనాన్ని ఎవరూ ఆపి ఉంచకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 122 చెబుతోంది. అందులో పోలీసు బండికి మినహాయింపు లేదు. 2019 సవరణలో వచ్చిన సెక్షన్ 210బి ఇంకా గట్టిది: చట్టాన్ని అమలు చేయాల్సిన వాళ్లే తప్పు చేస్తే జరిమానా రెట్టింపు. ఇక 2021లో తెచ్చిన 167ఏ నిబంధన స్పీడ్ గన్‌ల గురించే. ఆ పరికరం ట్రాఫిక్‌కు, చూపుకు అడ్డు రాకూడదు, ఇక్కడ నిఘా ఉందని హెచ్చరిక బోర్డు కనబడేలా పెట్టాలి, గన్ సరిగ్గా పనిచేస్తోందన్న సర్టిఫికెట్‌ను ఏటా రెన్యువల్ చేయించాలి. గన్నేరు చెట్ల చాటున ఆగే పోలీసు బండ్లకు ముందు నాకు అలాంటి బోర్డు కనబడలేదు.

రోడ్డుకు దూరంగా జరిగి నిలబడితే గన్ సరిగ్గా కొలవదని ఎవరైనా మీతో అంటే నమ్మకండి. 200 మీటర్ల దూరంలో 100 స్పీడులో వస్తున్న కారును, దాని దారికి 10 మీటర్లు పక్కన నిలబడి కొలిస్తే వేగంలో వచ్చే తేడా గంటకు కిలోమీటరులో ఎనిమిదో వంతు. అదీ తక్కువే చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు.

చాటున లేకపోతే దొరకరు కదా అంటారు. కానీ చాటున ఉన్న గన్ ఆ క్షణంలో ఎవరి వేగాన్నీ తగ్గించదు. చలానా మెసేజ్ వచ్చేసరికి ఆ డ్రైవర్ ఆ ఊరి సెంటర్‌ను ఎప్పుడో అదే స్పీడులో దాటేసి ఉంటాడు. అదే బండి ఊరికి అర కిలోమీటరు ముందు నీలం, ఎరుపు లైట్లతో కనబడితే రోడ్డు దాటేవాళ్లకు అప్పటికప్పుడే మేలు. దాటాక మళ్లీ తొక్కేవాళ్ల కోసం, రెండు చోట్ల మధ్య పట్టిన టైమును బట్టి సగటు వేగం తేల్చే కెమెరాలు ఉన్నాయి. పంతంగి, కొర్లపహాడ్ టోల్‌ప్లాజాల మధ్య అవి పెట్టించండి.

డ్యూటీలో ఉన్నవాళ్లను నేను తప్పు పట్టను. ఏప్రిల్, మే ఎండల్లో చెట్టు నీడ ఎక్కడుంటే అక్కడే బండి ఆపుతారు. ఎవరైనా అదే చేస్తారు. ఆ నీడ మలుపులో ఉంటే బండీ మలుపులోనే ఉంటుంది. అందుకే చోటు ఎంపికను వాళ్లకు వదిలేయకండి. టోల్‌ప్లాజా దాటాక ఉండే ఖాళీ జాగా, లారీలు ఆగే లే-బైలు, రెయిలింగ్‌కు అవతల సర్వీస్ రోడ్డు మన హైవేల మీదే ఉన్నాయి. మీ ట్రాఫిక్ వాళ్లు, హైవే ఇంజినీర్లు కలిసి నడిచి చూసి చోట్లు గుర్తించాలి. అక్కడ చిన్న షెడ్డు, మంచినీళ్లు, దగ్గర్లో టాయిలెట్ ఉండాలి. రోడ్డు రిపేరు చేసే కాంట్రాక్టర్ ముందు నుంచే కోన్‌లు పెట్టాలని నియమం ఉన్నప్పుడు, పోలీసు బండికీ అదే ఉండాలి.

ఇంకొకటి. ఫొటోతో చలానా ఇంటికే పోతున్నప్పుడు, వేగంగా వచ్చే బండికి హోంగార్డు చెయ్యి అడ్డం పెట్టి ఎదురెళ్లడం దేనికి? వేగం కేసులకు మెయిన్ లేన్‌లో ఎవరినీ ఆపొద్దని, తప్పనిసరైతే ముందున్న టోల్ దగ్గర ఆపమని ఒక్క లైను రాయండి. ఆ హోంగార్డు కూడా సాయంత్రానికి ఇల్లు చేరాలి.

సంక్రాంతికి ఈ రోడ్డు మీద బండ్ల వరుస ఎంత పొడుగ్గా ఉంటుందో మీకు తెలియంది కాదు. గుర్తించిన చోట్ల జాబితాతో ఉత్తర్వు ఆలోపే జిల్లా ఎస్పీలకు, కమిషనర్లకు చేరేలా చూడండి. జాబితాను జనానికీ చెప్పండి. మా డ్రైవర్ల తరఫున ఏ చోట చూపు ఆనదో, ఏ లే-బైలో జాగా ఉంటుందో చూపించడానికి మీ సిబ్బంది ఎప్పుడు రమ్మన్నా వస్తాం.

ఇట్లు,
సూర్యాపేట నుంచి ఒక ట్యాక్సీ డ్రైవర్