వాక్య పరిచర్య సమితి వార్షిక నివేదిక

ప్రభువునందు ప్రియమైన సభ్యులందరికీ వందనాలు.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ఏడాది పనిని చదివి వినిపించాలని మన నియమావళిలో ఉంది. సమితి ఎందుకు పుట్టిందో మీకు తెలిసిందే కాబట్టి నేరుగా సంగతికి వస్తాను.

ఈ సంవత్సరం బోధ అంతా విశ్వాసం, కృప, దేవుని సార్వభౌమత్వం చుట్టూ నడవాలని కార్యవర్గం మొదటి సమావేశంలోనే తీర్మానించింది. ఎప్పుడూ వినేవే కదా, ఏడాదంతా ఎందుకని కొందరు పెద్దలు అడిగారు. కారణం ఉంది. మన సంఘంలో ఒక అక్కకు భర్త పోయాడు. ఆయన మంచాన ఉన్నంతకాలం ఆమె వెళ్లని స్వస్థత సభ లేదు, ఉండని ఉపవాసం లేదు. సమాధి చేసి వారమైనా కాకముందే పరామర్శకు వచ్చిన ఒకరు "నీకు విశ్వాసం చాల్లేదమ్మా" అనేసి వెళ్లారు. ఆ తర్వాత ఆమె కొన్ని నెలలు ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారానికి, రాలేదు. ఆ మాట అన్నవారు చెడ్డవారు కాదు. ఎన్నో ఏళ్లుగా చెవిన పడుతున్న బోధ అలాంటిది. జబ్బు తగ్గితే విశ్వాసం గెలిచినట్టు, తగ్గకపోతే ఓడినట్టు చెప్పే బోధ మన ఇళ్లలోకి వచ్చేసింది. దాన్ని వాక్యంతోనే సరిచేయాలి.

అందుకే బుధవారం కూడికల్లో హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం తీసుకుని, తొందరపడకుండా వచనం వెంట వచనం చదివాం. విశ్వాసవీరుల అధ్యాయమని మనమంతా చెప్పుకునేదే. అయితే సాధారణంగా 35వ వచనం మొదటి సగం దగ్గర మన ప్రసంగాలు ఆగిపోతాయి. అక్కడిదాకా సింహాల నోళ్లు మూయబడ్డాయి, అగ్ని చల్లారింది, స్త్రీలు చనిపోయిన తమవారిని తిరిగి పొందారు. అదే వచనం రెండో సగం నుంచి కొరడా దెబ్బలు, సంకెళ్లు, రాళ్లు, రంపాలు మొదలవుతాయి. 39వ వచనానికి వచ్చేసరికి ఇద్దరికీ ఒకటే సాక్ష్యం, వీరందరూ విశ్వాసం ద్వారానే మంచి పేరు పొందారని. తప్పించబడినవాడి విశ్వాసం ఎక్కువ, తప్పించబడనివాడి విశ్వాసం తక్కువ అని అక్కడ రాయలేదు. ఆ సాయంత్రం ఆ అక్క వెనక బెంచీలో కూర్చుంది. కూడిక అయ్యాక తన బైబిల్లో ఆ వచనాల కింద పెన్సిల్‌తో గీసిన గీత పాస్టరమ్మ గారికి చూపించింది. తర్వాతి సంస్కారపు ఆదివారం బల్లలో పాలు పొందింది. ఏడాదంతటి పనిలో ఇంకేమీ జరగకపోయినా, నా మటుకు నాకు ఇది చాలు.

కృప గురించిన పాఠాలు ఎఫెసీ 2వ అధ్యాయం నుంచి, రోమా పత్రిక నుంచి నడిచాయి. "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అన్న మాట మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అయినా కానుక వేస్తే దేవుడు రెట్టింపు చేసి ఇవ్వాలనే లెక్క మనలో చాలామందికి పోలేదు. "ముందుగా ఆయనకిచ్చి, ప్రతిఫలము పొందగలవాడెవడు?" అని రోమా 11వ అధ్యాయంలో పౌలు అడిగిన ప్రశ్నను పాస్టరు గారు చాలా గట్టిగా వినిపించారు. ఆ నెల కానుకలు తగ్గుతాయేమోనని ఒకరిద్దరు టెన్షన్ పడ్డారు. తగ్గలేదు. తగ్గినా ఆ ప్రసంగం చేయాల్సిందే.

సార్వభౌమత్వం దగ్గర యౌవనస్థులు బాగా నిలదీశారు. అంతా దేవుడు ముందే నిర్ణయిస్తే సువార్త చెప్పడం ఎందుకు, ప్రార్థన ఎందుకు అని ఒక తమ్ముడు లేచి అడిగాడు. దానికి జవాబుగా అపొస్తలుల కార్యాలు 27వ అధ్యాయం మొత్తం చదివించాం. ఓడలో 276 మంది. ఒక్క ప్రాణం కూడా పోదని దేవుని దూత పౌలుకు రాత్రే చెప్పాడు. అయినా నావికులు చిన్న పడవ దింపుకుని పారిపోబోతుంటే, వీళ్లు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరని అదే పౌలు శతాధిపతికి చెప్పాడు. సైనికులు తాళ్లు కోశారు. పౌలు రొట్టె విరిచి అందరి చేతా తినిపించాడు. గోధుమలు సముద్రంలో పారబోశారు. కొందరు ఈదారు, కొందరు పలకల మీద, ఓడ చెక్కల మీద ఒడ్డుకు చేరారు. దేవుని మాట నెరవేరింది, అయితే వాళ్ల చేతులతోనే నెరవేరింది. ఏర్పాటు విషయంలో, అంటే రక్షణ పొందేవారిని దేవుడు ముందే ఎన్నుకున్నాడా అన్నదానిలో, మన కార్యవర్గంలోనే రెండు అభిప్రాయాలున్నాయి, దాచేదేం లేదు. ఇంగ్లండ్‌లో పేరుపొందిన సువార్త ప్రసంగీకులు వెస్లీ, విట్‌ఫీల్డ్ ఇదే విషయంలో విభేదించారు. 1770లో విట్‌ఫీల్డ్ చనిపోయినప్పుడు లండన్‌లో ఆయన సంస్మరణ ప్రసంగం చేసింది మాత్రం వెస్లీయే. మనమూ అలాగే వాదించుకుందాం, అలాగే కలిసి ఉందాం.

ఇక ఈ సంవత్సరం మనమందరం గర్వంగా చెప్పుకోదగ్గది జూలైలో జరిగిన మూడు రోజుల సభలు. మొదటి రెండు సాయంత్రాలు మన గుడిలో, మూడో రోజు జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున. 1878లో అదే తేదీన అక్కడే ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారని ఒంగోలు ప్రాంతంలో తెలియనివారుండరు. ఈసారి ఆ సంఖ్య వెనక ఉన్నది చెప్పించాలనుకున్నాం.

అంతకు పాతికేళ్ల ముందు సంగతి. మిషనరీలను పంపిన అమెరికా బాప్టిస్టు బోర్డువారు తెలుగు మిషన్‌ను మూసేద్దామని ఒకటికి రెండుసార్లు చర్చించిన రోజులవి. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థించింది ఐదుగురే: మిషనరీ జూయెట్ దొర, దొరసాని, నర్సు అనే పేరుగల తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య గారు నమ్మి తన జనం మధ్యకు వెళ్లాక, మాదిగలను చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు ఒంగోలు మిషనరీ క్లౌ దొరతో చెప్పారు. ఏం చేయాలో తోచక ఆయన బైబిలు తెరిస్తే కనబడింది కొరింథీ మొదటి పత్రిక 1వ అధ్యాయం: "మిమ్మును పిలిచిన పిలుపును చూడుడి." లోకం తక్కువగా చూసేవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగమది. పక్క గదిలో ఆయన భార్యకూ అదే భాగం తెరుచుకుందట. తర్వాత 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించారు. అన్నం కోసం ఎవరూ మతంలో చేరకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. ఇక ఇచ్చేదేమీ లేదు, సహాయం ఆశించి రావద్దని కబురు చేసినా జనం వచ్చారు. ఆ రోజు బాప్తిస్మాలిచ్చింది మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి. దొర ఇవ్వలేదు.

గుండ్లకమ్మ ఒడ్డున ఇదంతా వింటుంటే మా తాతల తాతల పేర్లు ఆ జాబితాలో ఉంటాయని ఒక మామ్మగారు ఏడ్చేశారు. కృప అంటే ఏమిటో మన ఊళ్లకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. మనం గొప్పవారమని దేవుడు పిలవలేదు, ఆయన పిలిచినందువల్లే మనుషులుగా నిలబడ్డాం.

ఆ ఒడ్డున మైకు అనుమతి కోసం పడ్డ తిప్పలు కూడా రాయాలి. నెల ముందే దరఖాస్తు ఇచ్చాం. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిప్పారు, సంతకం పెట్టాల్సినవారు మీటింగులో ఉన్నారన్నారు, సెలవులో ఉన్నారన్నారు. కాగితం చేతికొచ్చింది ముందురోజు చీకటి పడ్డాక. శాంతంగా ఏటా కూడుకునే జనాన్ని ఇలా తిప్పడం న్యాయం కాదు.

బయటివారి సంగతి అలా ఉంచితే, మనవాళ్ల సంగతీ చెప్పక తప్పదు. వాలంటీర్ల జాబితాలో పేర్లు రెండు పేజీలు నిండాయి. షామియానా వేయడానికి, కుర్చీలు దింపడానికి, ప్రేమవిందు వడ్డనకు, చివర్లో విస్తళ్లు ఎత్తడానికి వచ్చింది ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమందే. ఫోన్ చేస్తే "దేవుడు చూసుకుంటాడు బ్రదర్" అన్నారు. దేవుడు చూసుకున్నాడు, నిజమే. స్త్రీల సమాజం అక్కలు రాత్రి పదకొండింటి వరకు గిన్నెలు తోముతుంటే చూసుకున్నాడు. అపొస్తలుల కార్యాలు 27వ అధ్యాయం విన్నవాళ్లు ఆ మాట మళ్లీ అనకూడదని ప్రేమతోనే, బాధతోనే అడుగుతున్నాను.

జమాఖర్చులు కోశాధికారి అన్న విడిగా చదువుతారు. ఆడిటు అయింది, నకలు నోటీసు బోర్డులో ఉంది. సభలకు అనుకున్నదానికంటే ఖర్చు ఎక్కువైంది, బస్సుల వల్ల. లోటును ఇద్దరు సభ్యులు పేరు చెప్పవద్దని తీర్చారు.

పాస్టరు గారికి, పాస్టరమ్మ గారికి, డీకన్లకు, స్త్రీల సమాజానికి, క్వయిర్‌కు, సండే స్కూల్ టీచర్లకు, మైక్ సెట్ అద్దె సగమే తీసుకున్న తమ్ముడికి, వెల్లంపల్లిలో మంచినీళ్లు, నీడ చూపించిన ఇరుగుపొరుగు హైందవ, ముస్లిం కుటుంబాలకు, బస్సు డ్రైవర్లకు, వాచ్‌మన్ తాతగారికి సమితి తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. మంచాన ఉండి కూడా ప్రతి బుధవారం మన కోసం ప్రార్థించిన పెద్దలకు మరీ మరీ వందనాలు.

వచ్చే సంవత్సరం రోమా పత్రిక 8వ అధ్యాయం నుంచి 11 వరకు బుధవారాల్లో కొనసాగుతుంది. పల్లె కూడికలకు ఒక చిన్న సౌండ్ బాక్స్ కొనడానికి, వాలంటీర్ల జాబితాను కొత్తగా రాయడానికి ఈ సమావేశం అనుమతి కావాలి. పేరు ఇచ్చేవారు ఏ రోజు రాగలరో కూడా రాసి ఇవ్వండి. నివేదికను ఆమోదించవలసిందిగా మనవి.

ప్రభువు సేవలో,
కార్యదర్శి