బతికేది అని పెట్టాం

ఆయేషా బేటా,

అస్సలాము అలైకుమ్. మొన్న ఫోన్లో నువ్వు చిన్నబుచ్చుకుని అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. క్లాసులో నలుగురు ఆయేషాలు ఉన్నారట, హాజరు పిలిచేటప్పుడు నిన్ను ‘ఆయేషా త్రీ’ అంటున్నారట. ‘ఇంకో పేరే దొరకలేదా అబ్బా?’ అన్నావు. ఫోన్లో నాకు మాట పెగల్లేదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు ఏడో నెలలోనే పుట్టావు బేటా. కిలోన్నర కూడా లేవు. అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. నీ అరచెయ్యి నా బొటనవేలి గోరంత ఉండేది. మణికట్టుకు చుట్టిన టేపు మీద ‘బేబీ ఆఫ్’ అని మీ అమ్మీ పేరు రాశారు. ‘మూడు రోజులు గడవనివ్వండి’ అన్నారు డాక్టరమ్మ. ఏడో రోజు అఖీఖా వేడుకలో పేరు పెడదాంలే అనుకున్నాం. దాదీ ఆగనివ్వలేదు. ‘పేరు లేని బిడ్డ కోసం దువా ఎలా చెయ్యను?’ అని ఆ రాత్రే, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఆయేషా అన్నారు.

అరబ్బీలో చాలా మాటలకు మూడక్షరాల వేరు ఉంటుంది. నీ పేరుకు వేరు ఐన్, యా, షీన్. ‘ఆష’ అంటే బతికాడు. ‘ఆయిష’ అంటే బతుకుతున్నది, బతికేది. మన ఆయుష్షు సంస్కృతం మాట, వినడానికి దగ్గరగా ఉన్నా దీనికి చుట్టం కాదు. అసలు చుట్టాలు వేరే ఉన్నాయి. ఈజిప్టు వాళ్లు రొట్టెను ‘ఐష్’ అంటారు. తినే రొట్టెకూ బతుక్కీ ఒకటే మాట! మనవాళ్లు ‘ఐష్ చేస్తున్నాడు’ అంటారే, ఆ ఐష్ కూడా ఆ వేరులోంచి వచ్చిందే. బద్మాష్ కూడా అంతే. ‘మఆష్’ అంటే బతుకుదెరువు, దానికి ముందు ఫారసీ ‘బద్’ చేరింది. చెడ్డ బతుకుదెరువు వాడని అర్థం.

ఇంతమంది ఈ పేరు ఎందుకు పెట్టుకున్నారో నీకు తెలిసిందే. హజ్రత్ ఆయేషా (రజి) ప్రవక్త (స) గారి భార్య, మొదటి ఖలీఫా అబూబక్ర్ (రజి) కూతురు. అయితే అమ్మాయిలకు ఆమె గురించి ఈ సంబంధాలు మాత్రమే చెప్పి ఊరుకోవడం నాకు నచ్చదు. ఆమె పండితురాలు. ఆమె నోటి నుంచి వచ్చిన హదీసులు, అంటే ప్రవక్త (స) మాటలు, నడవడి గురించిన కథనాలు, 2,210 అని లెక్క చెబుతారు. ఆస్తి పంపకాల చిక్కుల్లో ప్రవక్త (స) సహచరులైన పెద్దపెద్ద సహాబాలే ఆమెను అడిగి తెలుసుకునేవారు. 678లో మదీనాలో కన్నుమూసేదాకా ఆమె చెబుతూనే ఉన్నారు, జనం వింటూనే ఉన్నారు. మక్కాలో ఉన్నవాళ్లు ఉమ్రా యాత్ర కోసం ఇహ్రామ్ అనే దీక్ష బట్టలు కట్టుకోవడానికి తన్‌ఈమ్ దగ్గరి మసీదుకు వెళతారు. దాన్ని అందరూ మస్జిదె ఆయేషా అనే పిలుస్తారు.

ఆ పేరు ఎక్కడెక్కడికో వెళ్లింది. తుర్కియేలో ఐషె అయింది, పశ్చిమాఫ్రికాలో ఐసతు అయింది. అమెరికాలో 1970లలో చాలా నల్లజాతి కుటుంబాలు ఇష్టంగా పెట్టుకున్నాయి. గాయకుడు స్టీవీ వండర్‌కు 1975లో కూతురు పుడితే ఆమెకూ ఇదే పేరు. నీ క్లాసులో నలుగురున్నారంటే నాకు సంతోషమే బేటా. నలుగురి ఇళ్లలోనూ ఎవరో ఒకరు ‘ఈ బిడ్డ బతకాలి’ అనుకున్నారు కదా.

ఇంకోటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు పుట్టింది దసరా ముందు. సద్దుల బతుకమ్మ నాడు పక్కింటి అత్తమ్మ మాకోసం స్టీలు డబ్బాలో పులిహోర, పెరుగన్నం పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. కొంగుకు ఇంకా గునుగు పూల రేకలు అంటుకునే ఉన్నాయి. పేరు చెప్పాం. ‘అంటే ఏంది?’ అని అడిగింది. ‘బతికేది’ అన్నారు దాదీ. అత్తమ్మ అద్దంలోంచి నిన్ను చూసుకుంటూ, ‘అయితే మా బతుకమ్మనే గద వదినా! నూర్గురు కొడుకులు పోయినంక పుట్టిన బిడ్డకు బతుకమ్మా అని పేరు పెట్టుకున్నరు. ఈమె గూడ బతుకుతది’ అంది. దాదీ అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చారు.

నీ టేపు అమ్మీ బీరువాలో ఒక కవర్లో ఉంది. ‘బేబీ ఆఫ్’ అన్న చోట నర్సమ్మ అడ్డంగా గీత కొట్టి, పైన బాల్‌పెన్‌తో ‘ఆయేషా’ అని రాసింది. ఇంకు కొంచెం పాకింది కానీ చదవడానికి వస్తుంది. ఈ ఉత్తరంలో పెడదామంటే అమ్మీ ఒప్పుకోలేదు, పోస్టులో పోతుందని భయం. దసరా సెలవులకు వచ్చినప్పుడు చూపిస్తుందట. టికెట్ తొందరగా బుక్ చేసుకో, తర్వాత దొరకవు.

మీ అబ్బా