పోస్టాఫీసు కౌంటర్‌లో గ్రాండ్‌మాస్టర్

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ జిల్లా పేజీలో చెస్ గెలిచిన చిన్నపిల్లల ఫొటోలు తరచుగా వస్తున్నాయి. చూస్తే సంతోషమే, కానీ చూసిన ప్రతిసారీ నాకు అర్తూరో పోమార్ గుర్తొస్తాడు.

ఆయనది స్పెయిన్, మయోర్కా దీవి, పుట్టింది 1931లో. 1944లో హిహోన్ టోర్నమెంటులో అప్పటి ప్రపంచ చాంపియన్ అలెఖిన్‌తో ఆట డ్రా చేశాడు, అప్పటికింకా పదమూడేళ్లు కూడా నిండలేదు. ఇక దేశమంతా ‘అర్తురితో’ అని ముద్దుగా పిలుచుకుంది, సినిమా హాళ్లలో వేసే న్యూస్‌రీళ్లలో చూపించారు, అప్పటి నియంత ఫ్రాంకో ప్రభుత్వం మా పిల్లాడని గొప్పలు చెప్పుకుంది. అలెఖిన్ స్వయంగా పాఠాలు చెప్పాడు. 1946లో జాతీయ చాంపియన్ అయ్యాడు, ఆ టైటిల్ మొత్తం ఏడుసార్లు గెలిచాడు.

మరి పిల్లాడు పెద్దవాడయ్యాక? బతుకుతెరువు కోసం పోస్టాఫీసు ఉద్యోగంలో చేరాడు.

నేను 31 ఏళ్లు పోస్టల్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను, కాబట్టి ఆ పనిని చిన్నచూపు చూడను. కానీ అదేంటో నాకు తెలుసు. ముద్ర కొట్టీ కొట్టీ సాయంత్రానికి బొటనవేలికి అంటిన సిరా సబ్బుతో రుద్దినా పోదు, లెక్కలో రూపాయి తేడా వస్తే అది తేలేదాకా ఇంటికి కదలడానికి లేదు. అలా ఇంటికొచ్చాక మా అబ్బాయికి ఎక్కాలు చెప్పే ఓపిక కూడా నాకుండేది కాదు. ఆ మనిషి అలాంటి ఉద్యోగం చేస్తూ ప్రపంచ స్థాయిలో ఆడాడు.

1962లో స్టాక్‌హోమ్ ఇంటర్‌జోనల్‌కి, అంటే ప్రపంచ చాంపియన్‌షిప్‌కి అర్హత కోసం ఆడే టోర్నమెంటుకి వెళ్లాడు, ఒంటరిగా. ఆ రోజుల్లో ఆట తేలకపోతే తర్వాతి ఎత్తు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, వాయిదా వేసేవారు. సోవియట్ ఆటగాళ్లకైతే ఆ రాత్రి కూర్చుని ఏ ఎత్తుకి ఏది జవాబో వెతికిపెట్టే సహాయకులుండేవాళ్లు, ఈయనకి ఎవరూ లేరు, అలసిపోయిన తన తల ఒక్కటే. అయినా తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన అమెరికా కుర్రాడు, 18 ఏళ్ల బాబీ ఫిషర్‌తో 77 ఎత్తులు ఆడి డ్రా చేశాడు! ఆ ఏడాదే స్పెయిన్‌కి మొట్టమొదటి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఆ తర్వాత మానసిక ఆరోగ్యం దెబ్బతింది, 2016లో పోయాడు. పన్నెండేళ్లప్పుడు నెత్తిన పెట్టుకున్న దేశం ముప్పై ఏళ్లప్పుడు తోడుగా ఒక్క మనిషిని పంపలేకపోయిందంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మన హంపి, హరికృష్ణ, అర్జున్ ఎరిగైసి పైకొచ్చారు, గర్వంగా ఉంది. కానీ మా వీధిలో ఒక కుర్రాడుండేవాడు, పదో తరగతిదాకా టోర్నమెంట్లన్నీ తిరిగాడు. ఇంటర్‌లో చేరాక హాస్టల్ వాళ్లు రెండు రోజులు సెలవివ్వలేదు, అక్కడితో ఆట ఆగిపోయింది. ట్రోఫీలు అటక మీద ఉన్నాయి, దుమ్ము దులపడానికి కూడా వాళ్లమ్మ ఆ సంచి విప్పదు.

అందుకే అడుగుతున్నాను. పదేళ్ల కిందట మీరు ఫొటోలు వేసిన చెస్ పిల్లలు మీ పాత సంచికల్లో దొరుకుతారు. ఇప్పుడు వాళ్లెక్కడున్నారు, ఆడుతున్నారా, ఎందుకు ఆపారు, కోచ్‌కి, ప్రయాణాలకి డబ్బులెవరు పెట్టారు, కాలేజీలు, ఆఫీసులు సెలవిచ్చాయా? మీ విలేకరుల్ని ఒకసారి వాళ్ల ఇళ్లకి పంపండి. మా వీధి కుర్రాడి ఇల్లు నేనే చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగి, తెనాలి