చిన్న బడుల వార్తలకూ చోటివ్వండి

సంపాదకులకు,

పదో తరగతి ఫలితాలొస్తే పేజీలకు పేజీలు వేస్తారు. ప్రాథమిక బడి ఊసు మాత్రం శాలువా కప్పించుకునే అతిథి వస్తేనే. ఆ ఫొటోలోనూ పిల్లలు వెనక వరసే!

మా దగ్గర ఓ బడిలో ఈమధ్య మూడో తరగతి పిల్లలు సంత పెట్టారు. తోటకూర కట్ట 12 రూపాయలు. 20 అని రాసిన కాగితం ముక్క ఇస్తే ఒక పాప పదమూడు, పద్నాలుగు అంటూ వేళ్ల మీద ఇరవై దాకా వెళ్లి, ఎనిమిది చింతగింజలు చిల్లరగా చేతిలో పెట్టింది. తీసివేతలంటే టెన్షన్ పడే పిల్లట, వాళ్లమ్మ చెప్పింది.

ఇలా చేయిస్తూ నేర్పడం చెన్నైకి కొత్త కాదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి పద్ధతి చూసి 2003లో ఇక్కడి కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టారు, తర్వాత తమిళనాడంతటా పాకింది. 2022 నుంచి ‘ఎణ్ణుం ఎళుత్తుం’ (అంకెలూ అక్షరాలూ) అనే ప్రభుత్వ పథకంలో చిన్న తరగతులకు ఆటపాటలతో చెబుతున్నారు. ఇదేమీ తెలియక మనవాళ్లు కొందరు, ‘బడిలో ఆడిస్తున్నారే తప్ప చదువేదీ?’ అని ట్యూషన్‌కు తోలేస్తున్నారు.

చెన్నై పేజీలో వారానికోసారి కాస్త జాగా ఈ బడులకు కేటాయించండి. ర్యాంకులొద్దు, పిల్లలేం చేశారో రాయండి. ఫొటో వేసేముందు మాత్రం తల్లిదండ్రులను అడగండి.

– ఒక పాఠకురాలు, వ్యాసర్పాడి, చెన్నై