ఢిల్లీ మాట ఫోనులో దొరికింది, ఇప్పగూడెం మాట ఎప్పుడు దొరుకుతుంది?

గౌరవనీయులైన తెలంగాణ శాసనసభ స్పీకర్ గారికి,

హనుమకొండ నుంచి నమస్కారాలతో రాస్తున్నాను. పాత హైదరాబాద్ శాసనసభ చర్చలను అందరూ వెతికి చదువుకునేలా చేయించమని అడగడానికే ఈ ఉత్తరం. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి.

పోయిన నెల మా వీధి కుర్రవాడొకడు వాళ్ల తాతగారి పేరున ఉన్న 38-ఇ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాడు. నాలుగు మడతల కాగితం. మడతల దగ్గర చిరిగితే వెనక క్యాలెండర్ ముక్క అంటించి కాపాడుకున్నారు. "సార్, ఈ 38-ఇ ఎక్కడినుంచి వచ్చింది? అది పెట్టినప్పుడు మన దిక్కు ఎమ్మెల్యేలు ఏమన్నారు?" అని అడిగాడు. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలిగాను. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టానికి 1954లో సవరణ వచ్చింది, రక్షిత కౌలుదారుకు భూమిమీద యాజమాన్య హక్కు కలిగించే ఈ సెక్షన్ అప్పుడు చేరింది అన్నాను. రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఆ పిల్లవాడి ముందు నాకు జవాబు లేకపోయింది.

ఆ సవరణ చేసింది 1952 ఎన్నికలతో ఏర్పడిన హైదరాబాద్ రాష్ట్ర శాసనసభ. మొత్తం 175 స్థానాలు. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు, స్పీకర్ కాశీనాథ్‌రావు వైద్య. ఎదురుగా ప్రతిపక్ష నాయకుడు వి.డి. దేశ్‌పాండే. ఆయన మరాఠీ మనిషి, గెలిచింది నేటి జనగామ జిల్లాలోని ఇప్పగూడెం నుంచి. సాయుధ పోరాటం ముగిసిన మరుసటి ఏడే, తెలుగు రైతులు ఓట్లేసి ఒక మరాఠీ కమ్యూనిస్టును సభకు పంపారు. అలా పంపినవాళ్ల మనవలు ఆయన భూమి గురించి సభలో ఏం మాట్లాడాడో ఈ రోజు చదవాలనుకుంటే ఎక్కడికి పోవాలి?

అదే ఎన్నికల్లో వరంగల్ నుంచి లోక్‌సభకు పెండ్యాల రాఘవరావు వెళ్లారు. ఓడినవారు కవి కాళోజీ. మొదటి లోక్‌సభ చర్చలు పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. మా ఇంటి అరుగుమీద కూర్చుని, ఫోనులో, పైసా ఖర్చు లేకుండా ఆనాటి ఢిల్లీ సభను తిరగేస్తున్నాను. రాజ్యాంగ సభ చర్చలూ అంతే. బ్రిటిష్‌వాళ్లు తమ పార్లమెంటు మాటలను 1803 నుంచి వెతుక్కునేందుకు వీలుగా పెట్టుకున్నారు. మన దిక్కు ఓటర్లు ఒకే ఎన్నికలో ఇద్దరిని గెలిపిస్తే, ఢిల్లీకి పోయినవారి మాట దొరుకుతోంది, నూటయాభై కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు పోయినవారి మాట దొరకడం లేదు.

హైదరాబాద్ సభ చర్చల సంపుటాలు అసలే లేవని అనను. కొన్ని స్కాన్ చేసిన బొమ్మలుగా నెట్‌లో అక్కడక్కడా ఉన్నాయి. ఆ కుర్రవాడి కోసం ఒకటి పట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాను. ఎడమ పేజీల్లో ప్రతి వరుస చివర రెండు మూడు అక్షరాలు బైండు లోతులోకి పోయాయి. ఒక పేజీమీద, పుస్తకం పట్టుకున్న మనిషి బొటనవేలు, గోరుతో సహా స్పష్టంగా పడింది, దాని కింద రెండు వరుసలు మాయం. "కౌలుదారు" అని కొట్టి వెతికితే ఒక్క ఫలితమూ రాలేదు. కళ్లతో చూస్తే అదే పేజీలో ఆ మాట ఉంది. యంత్రానికి అది అక్షరం కాదు, నల్లటి మచ్చ.

అందుకే నా విన్నపం స్కానింగ్‌తో ఆగేది కాదు. సంపుటాలు కుట్లు విప్పకుండా, పైనుంచి ఫొటో తీసే స్కానర్లతో తీయించండి. ఆ తరువాత ప్రతి పేజీని అక్షరాలుగా మార్పించండి. సభ్యుడి పేరు, నియోజకవర్గం, తేదీ, విషయం, ఏది కొట్టినా ఆ ప్రసంగం తెరమీదికి రావాలి. పాత సీసపు అచ్చులో పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుకుంటుంది, కంప్యూటర్ తప్పు చదువుతుంది. మనిషి కూర్చుని దిద్దాల్సిందే. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పాత పుస్తకాలను పేజీ పేజీకీ దిద్దుతున్నవాళ్లు ఉన్నారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో, ఇక్కడి డిగ్రీ కాలేజీల్లో చరిత్ర, తెలుగు చదివే పిల్లలకు ఈ పనినే ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. మీ కార్యాలయం పేజీలు ఇస్తే, పిల్లలను కూర్చోబెట్టి దిద్దించే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇంకో సంగతి మీ దృష్టికి గట్టిగా తేవాలి. ఆ సభలో మరాఠ్వాడా సభ్యులు, కన్నడ జిల్లాల సభ్యులు, మనవాళ్లు కలిసి కూర్చున్నారు. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లిషు, అన్నీ వినబడిన సభ అది. తెలుగు జిల్లాల సభ్యుల్లో ఉర్దూలో చదువుకున్నవాళ్లు ఎంతోమంది, ఆ భాషలోనే ధారాళంగా మాట్లాడేవారు. 1948కి ముందు ఉర్దూ మీడియంలో చదివి తెలుగులోనూ అంతే గట్టిగా ఉన్న పెద్దలు మా పట్టణంలో ఈనాడు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. వారికిప్పుడు తొంభై దరిదాపుల్లో వయసు. కాగితం పసుపుబారి అంచులు రాలుతుంటే మందు పూసి కొన్నేళ్లు నిలపవచ్చు, ఈ పెద్దలను నిలపలేం. ఉర్దూ ప్రసంగాల తెలుగు అనువాదం ఈ ఏడే మొదలుకావాలి.

చట్టం అడ్డు కాదు. శాసనసభ ప్రచురణల మీద కాపీరైటు ప్రచురణ నుంచి 60 ఏళ్లు, 1956 దాకా వచ్చిన సంపుటాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. సమాచార హక్కు చట్టం 2005, నాలుగో సెక్షన్, రికార్డులను సూచికలతో పెట్టి కంప్యూటరీకరించి అందుబాటులో ఉంచమనే చెబుతోంది.

పెట్టినదాన్ని నిలబెట్టడం కూడా ముఖ్యం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. ఆ వెబ్‌సైటు మూతపడింది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులు ఉండబట్టి చాలా పుస్తకాలు దక్కాయి. మన సంపుటాలు ఒక్క సర్వర్‌ను నమ్ముకుని ఉండకూడదు. ప్రతి జిల్లా గ్రంథాలయానికీ ఒక ప్రతి ఇవ్వండి. హనుమకొండలో 1904లో పుట్టిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఉంది. తెలుగు పుస్తకానికి ఒక గూడు కట్టుకోవడమే సాహసమైన రోజుల్లో మావాళ్లు దాన్ని నిలబెట్టారు. ఒక ప్రతి అక్కడా ఉండాలి.

మొదలు 1952-56 సభతో పెట్టండి. రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక 1955 సెప్టెంబరు 30న వచ్చాక దానిమీద అక్కడ జరిగిన చర్చను ప్రత్యేక రాష్ట్ర ఉద్యమకాలంలో ప్రతి వేదికమీదా విన్నాం. తెలుగువాళ్లందరినీ ఒకే రాష్ట్రంగా కలిపే విశాలాంధ్రకు ఎందరు ఔనన్నారు, ఎందరు వద్దన్నారు అనేదానికి ఎవరి లెక్క వారిది. మూలం చేతిలో ఉంటే నా విద్యార్థులు ఆ లెక్కను తామే వేసుకునేవారు. ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న 1952 ముల్కీ ఆందోళన ఈ వరంగల్ విద్యార్థులతోనే రాజుకుంది, సభలో దాని ప్రతిధ్వని ఏమిటో చదవాలని ఉంది. 1956 తరువాతి సంపుటాలు రెండు తెలుగు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి కనుక ఆంధ్రప్రదేశ్ స్పీకర్ గారితో మాట్లాడి కలిసి చేయండి. 1958-60 మధ్య కాళోజీ శాసనమండలి సభ్యులు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మండలిలో ఆయన అన్న మాటలను ఆ రోజు బడిపిల్లలు చదవగలిగితే బాగుంటుంది.

ఆ కుర్రవాడు వారానికోసారి వచ్చి "సార్, దొరికిందా?" అని అడుగుతున్నాడు. వాళ్ల తాతగారి సర్టిఫికెట్‌ను మాత్రం జెరాక్స్ తీయించి, అసలు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టించాను. ఎప్పుడు మొదలుపెడతారో ఒక తేదీ చెప్పండి, అతనికి చెబుతాను.

ఇట్లు,
చరిత్ర విశ్రాంత అధ్యాపకుడు,
హనుమకొండ